మన ఎంపీ మనకు తెలుసునా?

కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఎదురుచూడడం నాకు చిన్ననాటి నుండి అలవాటు. ఇటు ఛాయా సోమేశ్వరుని కోవెల, అటు ముక్తేశ్వరం, నడుమ గౌతమి. ఆ దృశ్యంలోకి ఇటీవలి కాలంలో వచ్చి చేరినవి రైలు వంతెన కోసం నదిలో లేచిన స్తంభాలు. మొన్న బంధువుల ఇంట శుభకార్యానికి వెళ్ళి తిరిగి వస్తూ రేవులో నిలబడి ఉండగా, మోటారుసైకిలు మీద కొబ్బరికాయల బస్తా వేసుకొని వచ్చిన ఒకాయన ఆ స్తంభాల వంక చూసి, "ఇవి పూర్తయ్యేదెప్పుడో, మనం రైలెక్కేదెప్పుడో" అని నిట్టూర్చాడు. పక్కనున్న పెద్దావిడ "ఎంపీని అడగాలి నాయనా" అన్నది. "ఇంతకీ ఇప్పుడు ఎంపీ ఎవరండీ?" అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

చదువరులు నమ్మినా నమ్మకపోయినా, ఆ ప్రశ్నకు మూడు సమాధానాలు వచ్చాయి. ఒకటి, రెండు ఎన్నికల క్రిందటి సభ్యుని పేరు. ఇంకొకటి ఎమ్మెల్యే పేరు. మూడవది సరైన సమాధానమే, కాని చెప్పిన కుర్రవాడు దానికి జోడించగలిగినది ఒక్క ముక్క: "వాళ్ళ నాన్నగారి పేరే కదండీ యానాం ఎదుర్లంక వంతెనకు పెట్టింది." ఆ కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. నన్ను గుర్తుపట్టి, "మాస్టారూ, మీరు చెప్పండి. ఎంపీ గారు ఢిల్లీలో ఏం చేస్తారండీ?" అన్నాడు. "చట్టాలు చేస్తారు" అన్నాను. అది పాఠ్యపుస్తకంలోని వాక్యం. "ఏ చట్టం చేశారండీ?" అన్నాడు వాడు. వినయంగానే అడిగాడు. ఇంతలో పంటు వచ్చి నా పరువు కాపాడింది.

ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మన ఎంపీ మనకు తెలియదు అనడం సరికాదు. మనకు చాలా తెలుసు. ఆయన ఎవరి కుమారుడో, ఏ కులస్థుడో, అత్తవారిది ఏ ఊరో, ఎన్ని ఎకరాల చెరువులున్నవో, ఏ పార్టీ నుండి ఏ పార్టీకి ఏ సంవత్సరంలో వెళ్ళాడో, మా వీధి అరుగుల మీద కూర్చునేవారు తడుముకోకుండా చెప్పగలరు. పెళ్ళికి పిలిస్తే వచ్చాడా, అక్షింతలు వేసి వెంటనే వెళ్ళిపోయాడా, భోజనం చేసి వెళ్ళాడా అనేదీ చెప్పగలరు. తెలియనిది ఒక్కటే: మనం ఏ పనికి పంపామో ఆ పనిలో ఆయన ఏం చేస్తున్నాడో.

అందులోనూ మన డెల్టావారికి తెరమీది ముఖాలంటే ప్రీతి ఎక్కువ. 1989లో రాజమండ్రి నుండి జమున గారిని పంపాము. 1998లో కాకినాడ నుండి, మరుసటి ఏడే నరసాపురం నుండి కృష్ణంరాజు గారిని పంపాము. 2014లో మళ్ళీ రాజమండ్రి నుండి మురళీమోహన్ గారిని. రాజమండ్రిలో పుట్టిన జయప్రద గారినైతే మనకంటే ముందు ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూరువారు 2004లోనూ 2009లోనూ లోక్‌సభకు పంపుకున్నారు. నటులు మంచి సభ్యులు కాలేరని నేననను. కృష్ణంరాజు గారు వాజపేయి మంత్రివర్గంలో పని చేశారు కూడా. నా బాధ వేరు. జమున గారు సత్యభామగా జడ విసరిన తీరు మా తరంవారు ఇప్పటికీ వర్ణించగలరు. ఆవిడ లోక్‌సభలో లేచి నిలబడి అడిగినది ఒక్కటి చెప్పమంటే నేను సహా అందరం నేలచూపులు చూస్తాము.

పాత సంగతులు మరీ మరపున పడ్డాయి. 1952లో రాజమండ్రి ద్విసభ్య నియోజకవర్గం. ఒక్కొక్క ఓటరుకు రెండేసి ఓట్లు. అక్కడి నుండి సోషలిస్టు నల్లా రెడ్డినాయుడు గారు, కమ్యూనిస్టు కానేటి మోహనరావు గారు ఇద్దరూ ఎన్నికయ్యారు. కాకినాడ నుండి రామచంద్రపురం వైద్యులు చెలికాని రామారావు గారు, ఆయనా కమ్యూనిస్టే. అంటే స్వతంత్ర భారతంలో తొలి ఎన్నికలోనే మన గోదావరి ఒడ్డువారు పాలకపక్షాన్ని కాదని ప్రతిపక్షాన్ని ఢిల్లీకి పంపారన్నమాట. ఏలూరువారు 1957లో కాంగ్రెసు నుండి మోతే వేదకుమారి గారిని, 1962లో కమ్యూనిస్టు పార్టీ నుండి విమలాదేవి గారిని, వరుసగా ఇద్దరు స్త్రీలను ఎన్నుకున్నారు. ఆడవారికి మూడవ వంతు స్థానాలు కేటాయిస్తూ రాజ్యాంగ సవరణ వచ్చినది 2023లో. దానికి అరవై ఏళ్ళ ముందే ఏలూరు ఓటరు ఎవరి ఉత్తర్వూ లేకుండా ఆ పని చేశాడు. ఈ మాట మా జిల్లాల పాఠశాలలలో ఎక్కడా చెప్పగా నేను వినలేదు. నేనూ చెప్పలేదు.

నేను కొవ్వూరులో చదువుకున్న రోజులలో మీమాంస కొంత చెవిన పడింది. అందులో 'ప్రతినిధి' అనే విచారణ ఒకటి ఉన్నది. యజ్ఞానికి విధించిన ద్రవ్యం దొరకనప్పుడు బదులుగా మరొకటి వాడవచ్చును. వ్రీహి దొరకకుంటే నీవారధాన్యం. సోమలత దొరకకుంటే పూతీక. ఆ బదులు వస్తువునకే ప్రతినిధి అని పేరు. అయితే అన్నిటికీ ప్రతినిధి ఉండదు. దేవతకు బదులు మరొక దేవత పనికిరాదు, మంత్రానికి బదులు మరొక మంత్రం పనికిరాదు. ముఖ్యంగా, యజమానికి ప్రతినిధి లేడు. యజ్ఞం ఎవరిదో వాడు ఉండి తీరవలె. 'ప్రజాప్రతినిధి' అనే మాటను మనం దినమూ వాడుతున్నాము గాని, ఆ మాటలోని ఈ షరతును మరచిపోయాము. మన గొంతుకు బదులు ఒక గొంతును పంపామే గాని, యజమానులుగా మనం లేచిపోవడానికి వీలు లేదు. ఇది శాస్త్రచర్చ కోసం చెప్పడం లేదు. ఉన్న సంగతి అంతే గనుక చెబుతున్నాను.

సరే, ఎంపీ ఏం చేస్తాడు? చట్టాలు చేస్తాడు అన్న నా సమాధానం తప్పు కాదు, కాని అందులో ఒక చిక్కు ఉన్నది. 1985లో వచ్చిన 52వ రాజ్యాంగ సవరణ తరువాత, పార్టీ విప్ జారీ చేస్తే దానిని ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు తన స్థానాన్ని కోల్పోవచ్చును. ఫిరాయింపులను ఆపడానికి తెచ్చిన సవరణ అది. అవసరమై వచ్చినదే. కాని దాని ఫలితంగా బిల్లు మీద మన సభ్యుడు వేసే ఓటు చాలా సందర్భాలలో ఆయన ఓటు కాదు, పార్టీ ఓటు. కనుక ఓటును బట్టి సభ్యుణ్ణి తెలుసుకోవడం సాధ్యం కాదు. 2014 ఫిబ్రవరి సంగతి తెలిసినదే. రాష్ట్ర విభజనను ఎదిరించిన ఆరుగురు ఎంపీలను ఆ నెల 11న కాంగ్రెసు పార్టీ బహిష్కరించింది. వారిలో రాజమండ్రి సభ్యులు ఉండవల్లి అరుణ్‌కుమార్, అమలాపురం సభ్యులు హర్షకుమార్ ఉన్నారు. 18వ తేదీన లోక్‌సభలో బిల్లు ఆమోదం పొందిన వేళ ప్రత్యక్ష ప్రసారం కూడా నిలిచిపోయింది. మనవారు ఏమన్నారో మనం చూడలేకపోయాము.

ఓటు పార్టీదైనప్పుడు సభ్యునిది అని చెప్పదగినది ఏమి మిగిలింది? ప్రశ్న మిగిలింది. ప్రశ్నకు విప్ లేదు. ఏ పార్టీ సభ్యుడైనా, పాలకపక్షంవాడైనా సరే, ప్రభుత్వాన్ని ప్రశ్న అడగవచ్చును. అడిగితే మంత్రి సమాధానం చెప్పి తీరవలె. ఆ సమాధానం అబద్ధమైతే సభాహక్కుల ఉల్లంఘన.

లోక్‌సభ సాధారణంగా ఉదయం 11 గంటలకు ప్రశ్నలతో మొదలవుతుంది. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలు రోజుకు 20. వాటికి మంత్రి లేచి నోటితో సమాధానం చెప్పవలె, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. అందరికీ వ్యవధి చాలదు, కనుక వరుసలో వెనుకనున్నవాటికి వ్రాతపూర్వక సమాధానమే మిగులుతుంది. గుర్తు లేనివి రోజుకు 230. వీటికి సమాధానాలు వ్రాతలోనే. ప్రశ్నకు కనీసం 15 పూర్తి దినాల ముందు నోటీసు ఇవ్వవలె. నోటీసులు ఎక్కువ గనుక చీటీల పద్ధతిలో వరుస నిర్ణయిస్తారు. ఈ ప్రశ్నలూ సమాధానాలూ లోక్‌సభ వెబ్‌సైటులో సభ్యుని పేరుమీద, శాఖ పేరుమీద వెదుకుకొనే వీలున్నది. మా పక్కింటి అమ్మాయి డిగ్రీ చదువుతున్నది, తన ఫోనులో నాకు రెండు నిమిషాలలో చూపించింది. ముప్ఫయి అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాడను. ఇది ఇంత అందుబాటులో ఉన్నదని తెలియనందుకు సిగ్గుపడ్డాను.

ప్రశ్నలతో ఏమవుతుంది అని తీసిపారవేసేవారున్నారు. జీవిత బీమా సంస్థ ధనం ముంద్రా అనే వ్యాపారి కంపెనీలలో ఎలా పెట్టారని 1957లో లోక్‌సభలో ప్రశ్నలు లేచాయి. ఫిరోజ్ గాంధీ పట్టు విడవలేదు. ఆయన పాలకపక్షం సభ్యుడే, పైగా ప్రధానమంత్రికి అల్లుడు. ఛాగ్లా విచారణ జరిగింది. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రశ్నకు విలువ ఉన్నదనడానికి మరో నిదర్శనం, కొంచెం చేదైనది: ప్రశ్నలు అడగడానికి డబ్బు పుచ్చుకున్నందుకు 2005 డిసెంబరులో పదకొండుగురు ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. వెల లేని వస్తువును ఎవడూ కొనడు గదా! (ఆ పదకొండుగురిలో తెలుగువారు లేరన్నది ఒక ఊరట.)

అసలు మనకు ఈ విద్య కొత్తది కాదు. నన్నయగారు మన రాజమహేంద్రవరంలో కూర్చుండి తెనిగించిన సభాపర్వంలో ద్రౌపది సభవారిని అడిగినది ఒక ప్రశ్న. తన్ను తాను ఓడినవాడు నన్ను ఒడ్డగలడా అని. అంత పెద్ద సభలో వికర్ణుని వంటి ఒకరిద్దరు తప్ప ఆమె పక్షాన నోరు విప్పినవారు లేరు. సమాధానం రాలేదు కాని, ఎవరెవరు మౌనం వహించారో లోకానికి తెలిసిపోయింది. ఈనాటికీ మనం భీష్ముని అన్ని గుణాలూ చెప్పి చివరకు ఆ మౌనం దగ్గర ఆగుతాము.

ఇక మా రైలు సంగతి.

కాకినాడ నుండి కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలుమార్గం తెల్లవారి కాలంలోనే ఉండేది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దాని పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ బోడి కట్ట మీదుగా రెండు తరాలు నడిచాయి. మళ్ళీ పట్టాలు పడి రైలు నడిచినది 2004లో. దాని పునరుద్ధరణకు పాటుపడిన బాలయోగి గారు అప్పటికి రెండేళ్ళ క్రితమే, 2002 మార్చి 3న, కైకలూరు సమీపాన హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఆ మార్గాన్ని కోటిపల్లి నుండి అమలాపురం మీదుగా నరసాపురం దాకా, దాదాపు 57 కిలోమీటర్లు పొడిగించే పథకం 2000–01 రైల్వే బడ్జెట్టులో మంజూరయింది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, మూడు పాయలనూ దాటవలసిన మార్గం. అంచనా వ్యయం రెండు వేల కోట్లు దాటిపోయింది. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టారు. అమలాపురంలో రైలు కూత ఇంకా వినబడలేదు.

దీనిమీద మేమంతా తిట్టేది ఢిల్లీని. ఎవరికి తోచినట్టు వారు రైల్వే మంత్రిని, ప్రధానమంత్రిని, ఎంపీని తిడతాము. ప్రశ్నలకు రైల్వేశాఖ ఇచ్చిన సమాధానాలు చదివితే మరొక సంగతి కనబడుతుంది. ఈ పథకం వ్యయాన్ని పంచుకొనే షరతు మీద చేపట్టినది. అందులో నాలుగవ వంతు రాష్ట్ర ప్రభుత్వం భరించవలె. ఆ వాటా జమ కాలేదన్నది రైల్వేశాఖ మళ్ళీ మళ్ళీ చెప్పిన కారణం. ఆ మాటను యథాతథంగా నమ్మమని నేను చెప్పను. ఇంత కాలం జాప్యానికి అదొక్కటే కారణమూ కాకపోవచ్చును. కాని మా గోడులో సగం పొరపాటు చిరునామాకు పోతున్నదని తేలింది గదా. ఢిల్లీలో ఎంపీ అడిగితే "మీ రాష్ట్రాన్ని అడగండి" అంటారు. అమరావతిలో ఎమ్మెల్యే అడగకపోతే ఆ తలుపు మూసే ఉంటుంది. ఒక్క రైలుకు రెండు సభలలో రెండు ప్రశ్నలు పడవలె. రేవులో నిలబడిన మాకెవ్వరికీ ఈ సంగతి తెలియదు. పాతికేళ్ళుగా తెలియదు.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. కోనసీమ నుండి లోక్‌సభలో అత్యున్నత స్థానం అధిరోహించినవారు బాలయోగి గారు. 1998 మార్చిలో సభాపతి అయ్యారు, ఆ పీఠమెక్కిన తొలి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పడిపోయిన దినాన సభను నడిపినది ఆయనే. ఒరిస్సా ముఖ్యమంత్రి అయి కూడా లోక్‌సభ స్థానం వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చునా అన్న ప్రశ్నను ఆయన ఆ సభ్యుని అంతరాత్మకే వదిలారు. ఆ ఓటు పడకపోయి ఉంటే లెక్క 269–269. అప్పుడు రాజ్యాంగం ప్రకారం నిర్ణాయకమైన ఓటు సభాపతిది. దేశ ప్రభుత్వం నిలుచునో పోవునో ఎదుర్లంక మనిషి చేతిలో ఉండేది! అంతటి పీఠంలో కూర్చున్నవారికి లేని హక్కు ఒకటి ఉన్నది. సభాపతి ప్రశ్న అడగలేరు. అడిగేవారిని పిలవగలరు, అంతే. 2024లో ఆయన కుమారుడు హరీష్ మాధుర్ గారు అదే అమలాపురం నుండి ఎన్నికయ్యారు. తండ్రిగారికి పదవి వలన లేకపోయిన ఆ హక్కు కుమారునికి ఉన్నది. నదికి అవతలి నరసాపురం సభ్యులు శ్రీనివాసవర్మ గారు 2024లో కేంద్ర సహాయమంత్రి అయ్యారు. మంత్రులు ప్రశ్నలు వేయరు, ప్రశ్నలకు సమాధానం చెబుతారు. కనుక వారి పేరుమీద ప్రశ్నలు కనబడకపోతే అది తప్పు పట్టవలసిన విషయం కాదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్ని రోజులు హాజరయ్యారు అని సభ్యులకు మార్కులు వేసి, వరుసలు కట్టి పత్రికలలో ప్రకటించడం ఒక వాడుక అయింది. మార్కులు వేయడం నా వృత్తి గనుక చెబుతున్నాను, ఇది చెడ్డ మూల్యాంకనం. సమాధానపత్రాన్ని చదవకుండా కాగితాలు లెక్కపెట్టి మార్కులు వేసినట్టు. నూరు ప్రశ్నలలో తొంభై దేశమంతటికీ వర్తించే గాలిప్రశ్నలు కావచ్చును. ఒకే ఒక్క ప్రశ్న పాశర్లపూడి గురించి కావచ్చును. ఆ ఒక్కటే నాకు ఎక్కువ.

పాశర్లపూడి అంటే గుర్తు వచ్చింది. 1995 జనవరిలో అక్కడ ఓ.ఎన్.జి.సి. బావి పేలి రెండు నెలలు మండింది. రాత్రిపూట దూరాన ఉన్న ఊళ్ళకు కూడా ఆకాశం ఎర్రగా కనబడేది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా దహనమైపోయారు. రెండూ మామిడికుదురు మండలమే. చమురు, సహజవాయువు కేంద్రం చేతిలోని విషయాలు. రైల్వేలు, జాతీయ రహదారులు, పెద్ద రేవులు కూడా అంతే. మా పొలాల క్రింద నుండి పోతున్న గొట్టాల వయస్సెంత, చివరిసారి పరీక్షించినది ఎప్పుడు, ఏ ఊరి వద్ద మార్చవలసి ఉన్నది అని అడగగలిగినవాడు ఎంపీ ఒక్కడే. మనం మాత్రం ఆయన దగ్గరకు పింఛను కోసం, బదిలీ కోసం, కాలువ పూడిక కోసం వెళతాము. ఆ పనులు ఆయనవి కావు. అయినా ఆయన కాదనడు; ఫోను చేసి చెబుతాననడమే ఆయనకూ సుఖం. గ్యాసు గొట్టం సంగతి ఎవరూ ఎత్తరు గనుక ఆయనా ఎత్తడు.

స్థానిక అభివృద్ధి నిధి గురించి రెండే మాటలు. 1993 డిసెంబరులో ఈ పథకం మొదలైంది. తొలి ఏడు 5 లక్షలు, తరువాత కోటి, 1998–99 నుండి 2 కోట్లు, 2011–12 నుండి ఏటా 5 కోట్లు. సభ్యుడు పనులు సిఫారసు చేస్తాడు, కలెక్టరు చేయిస్తాడు. కళ్యాణమండపం మీద, బస్సు షెల్టరు మీద పేరు వ్రాయించుకొనేది దీనిలో నుండే. ఆ పేరును చూసి ఎంపీ పని చేశాడనుకుంటాము. అయిదేళ్ళకు 25 కోట్లు, గౌతమి మీది వంతెనకు ఏ మూలకు వస్తుంది?

ఇదంతా చెప్పి ఇతరులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. నా సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తెలుగు ప్రశ్నపత్రంలో లేఖారచన అని ఒకటి ఉంటుంది. "మీ గ్రామానికి రైలు సౌకర్యం కల్పించవలసినదిగా కోరుతూ సంబంధిత అధికారికి లేఖ వ్రాయుము." నా ఉద్యోగ జీవితంలో ఇటువంటి లేఖలు కొన్ని వేలు దిద్దాను. స్థలము, తేదీ, కుడివైపు పైన. సంబోధన. విషయము. ఇట్లు, తమ విధేయుడు. చిరునామా పెట్టెలో. ఇవన్నీ సరిగా ఉంటే అయిదుకు నాలుగు మార్కులు. పిల్లలు ఎంతో బాగా వ్రాసేవారు. ఒక అమ్మాయి, మా తాతగారిని కాకినాడ ఆసుపత్రికి తీసుకువెళుతుండగా పంటు దొరకక రేవులోనే ప్రాణం పోయింది, కనుక వంతెన కావాలి అని వ్రాసింది. అది కల్పన కాదని తరువాత తెలిసింది. దానికి కూడా నాలుగు మార్కులే వేశాను. 'విధేయురాలు'లో వ్రాతతప్పు ఉన్నదని ఒకటి తగ్గించాను. ఆ కట్టలన్నీ ఏడాది చివర తూకానికి పోయేవి. పచారీ కొట్లో పొట్లాలయ్యేవి. ఒక్కటంటే ఒక్క ఉత్తరం తపాలాపెట్టెలో వేయాలని నాకు తోచలేదు. లేఖ వ్రాయడం నేర్పాను, పంపడం నేర్పలేదు.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ళ వాలంటీరు ఒకతె నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్ళనివ్వలేదు. ఆ పిల్ల రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. తరువాత రాజ్యాంగసభ సభ్యురాలై వందల కొద్దీ సవరణలు ప్రతిపాదించింది. 1952 ఎన్నికలలో మాత్రం ఓడిపోయింది. అంతటి ఆమెను ఓడించిన ఓటర్లను నేనేమీ అనను. ద్వారం దగ్గర నిలబడి "టిక్కెట్టు ఏది?" అని అడిగే ఆ పద్నాలుగేళ్ళ పిల్లే నాకు ఎక్కువగా గుర్తు వస్తూ ఉంటుంది. నా తరగతిలో ఆ వయస్సు పిల్లలు ఎందరో కూర్చుండి వెళ్ళారు.

ఇప్పుడు మా ఎంపీ గారికి ఒక ఉత్తరం వ్రాస్తున్నాను. లోక్‌సభ నియమాలు పక్కింటి అమ్మాయి చదివి వినిపించింది. ప్రశ్న సాధారణంగా 150 పదాలకు మించరాదట. అందులో వాదన ఉండరాదు, ఊహలు ఉండరాదు, వ్యంగ్యం ఉండరాదు, నిందారోపణలు ఉండరాదు, విశేషణాలు అసలే ఉండరాదు. తెలుగు పండితునికి ఇంతకంటే కఠినమైన ఛందోనియమం లేదు! నా మొదటి ప్రతి నాలుగు పుటలు వచ్చింది. గోదావరి పుట్టుక దగ్గర మొదలై, కాటన్ దొర మీదుగా, మూడు పాయల వర్ణనతో సాగింది. అమ్మాయి చదివి, "తాతగారూ, ఇందులో ప్రశ్న ఎక్కడ ఉందండీ?" అని అడిగింది. చింపివేసి మళ్ళీ కూర్చున్నాను. ఇప్పటికి ఇలా వచ్చింది:

"కోటిపల్లి–నరసాపురం రైలు మార్గానికి రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవలసిన వాటా ఎంత, ఇచ్చినది ఎంత, గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల మీది వంతెనలలో ఒక్కొక్కదాని పని ఎంతవరకు వచ్చినది, భూసేకరణ ఏయే గ్రామాలలో మిగిలి ఉన్నది, కోనసీమ ప్రజలు చిరకాలముగా ఎదురుచూచుచున్న ఈ మార్గము ఏ తేదీనాటికి పూర్తి కాగలదు?"

ఇదే ప్రశ్నలో మొదటి భాగాన్ని మా ఎమ్మెల్యే గారికి వేరుగా వ్రాయవలె, అసెంబ్లీలో అడగడానికి. సమావేశాలకు పదిహేను దినాల గడువు పోను సభ్యునికి చదువుకొనే వ్యవధి కూడా ఇవ్వవలె గనుక, ఈ వారంలోనే పోస్టు చేయాలని ఉన్నది. ముందుగా ఒకసారి రేవుకు వెళ్ళి, ఆ కొబ్బరికాయల ఆయన కనబడితే సంతకం పెట్టించుకోవలె. ఆ పెద్దావిడ చేత, నా శిష్యుని చేత కూడా. ఉత్తరంలో అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి, ఒక్క 'చిరకాలముగా' తప్ప. అది కొట్టివేయమని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నాకింకా చేయి రావడం లేదు.